సాక్షి సంఘము, సూర్యాపేట సంఘము: తెలుగు పరిహాసవచనమున ప్రభుత్వశంక

పూర్వపు నల్లగొండ జిల్లాలో ఆత్మకూరు అను పేరుగల మండలకేంద్రములు రెండు కలవు. ఒకటి సూర్యాపేట చెంతది, రెండవది మోత్కూరు చెంతది. కాగితములు తారుమారు కాకుండుటకై కార్యాలయములవారు మొదటిదానికి 'ఎస్' అనియు, రెండవదానికి 'ఎం' అనియు ఆంగ్లాక్షరములను తగిలించిరి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగి, మొదటిది సూర్యాపేట జిల్లాలోను, రెండవది యాదాద్రి భువనగిరి జిల్లాలోను చేరినవి. ఒకే జిల్లాలో రెండు ఆత్మకూరులుండుటచే కలిగిన చిక్కు అంతటితో తీరినది. అక్షరము మాత్రము పోలేదు. అక్షరమనగా నాశము లేనిదని వ్యుత్పత్తి కదా! 'ఎస్' అను అక్షరము ఆ వ్యుత్పత్తిని సార్థకము చేసినది. ఊరివారు తమలో తాము మాటలాడుకొనునప్పుడు దానిని పలుకరు. దరఖాస్తు వ్రాయునప్పుడు మాత్రము మరువరు.

ఈ సంగతి విన్నవారికి చిరునవ్వు కలుగును. ఆ నవ్వులో కోపము లేదు, తిరుగుబాటు లేదు. సరిహద్దులు మారినను కాగితము మారదను పాత అనుభవము మాత్రము కలదు. పాలకులు చెప్పు మాటను వెంటనే నమ్మక, వెంటనే తిట్టక, ఒకమారు తూచి చూచి పెదవి విరుచు ఈ స్వభావమును మేము ఈ వ్యాసమున ప్రభుత్వశంక అని పిలుచుచున్నాము. తెలుగు వచనములో ఇది ఏయే రూపములు పొందినది, అందు పూర్వాచారమునందు మక్కువగల రచయితల పరిహాసమునకు బలమెంత, దాని హద్దెక్కడ అనునవి మా పరిశీలనకు విషయములు. పానుగంటి లక్ష్మీనరసింహారావు గారి సాక్షి వ్యాసములను పాఠము చెప్పునప్పుడు మాకు కలిగిన ఒక ఇబ్బంది ఈ పరిశీలనకు మూలము. దానిని తగినచోట వివరింతుము.

ముందుగా ఒక పారిభాషికపదమును నిర్ణయించుకొనవలసియున్నది. సమాజమున నున్న ఏర్పాటు అనేక తరముల అనుభవముచే కుదిరినది, దానిని మార్చదలచినవాడే ముందుగా కారణము చూపవలెను అను భావమును స్థితిపక్షమందము. స్థితిపక్షమును మూఢత్వముతో సమానముగా చూచుట మన విమర్శకులకు అలవాటైనది. అది తొందరపాటు. హాస్యమునకును స్థితిపక్షమునకును సహజమైన చుట్టరికము కలదు. సంస్కర్త రేపటిని చూపి మాటలాడును. రేపు ఇంకను రాలేదు గనుక దానిని పరీక్షించుటకు వీలులేదు. పరిహాసకుడు నిన్నటిని, నేటిని పక్కపక్కన నిలిపి చూపును. మాటకును చేతకును నడుమనున్న ఎడము అతనికి వెంటనే కనబడును. క్రొత్త ఏర్పాటు పెద్ద మాటలతో వచ్చును గనుక ఆ ఎడము అందు మరింత స్పష్టముగా కనబడును.

ఆంగ్లమున 1711 మార్చి 1న ప్రారంభమైన స్పెక్టేటరు పత్రిక ఇందుకు ఉదాహరణము. దానిని నడపిన ఆడిసను, స్టీలు ఇరువురును విగ్‌పక్షమువారే. అయినను వారు కల్పించిన పాత్రలలో పాఠకుల ప్రేమను ఎక్కువగా చూరగొన్నవాడు సర్ రోజర్ డి కవర్లీ అను పాతకాలపు టోరీ భూస్వామి. స్విఫ్టు వ్రాసిన గలివరు యాత్రలలో (1726) దోసకాయలనుండి సూర్యరశ్మిని పిండి తీయ యత్నించు పండితుడు కలడు. క్రొత్త ప్రణాళికలపై స్థితిపక్షము విసరిన నవ్వులలో అది మిక్కిలి పేరుగన్నది. ఆ స్విఫ్టు రచనను మాదిరిగా గ్రహించి మన భాషలో సత్యరాజా పూర్వదేశయాత్రలు వ్రాసినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. ఆయన స్థితిపక్షమువారు కారు, సంస్కర్తలలో ప్రథములు. ఒక పక్షపు ఆయుధము రెండవ పక్షముచేతికి పోయినను పదును కోల్పోలేదు. ఈ అంశమును పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. మా నిర్ణయమునకు ఇది ఆధారము కానున్నది.

తెలుగున పత్రికాపరిహాసము పుట్టుకతోడనే రెండు పక్షములుగా పుట్టినది. కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు పూర్వాచారపక్షమున ఆంధ్రభాషాసంజీవనిని నడపిరి. వీరేశలింగము గారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి సంస్కారపక్షమున నిలచిరి. అటు కొక్కొండ వారి పక్షమున హాస్యవర్ధని వెలువడగా, ఇటు వీరేశలింగము గారు 1876లో హాస్యసంజీవనిని ప్రారంభించిరి. ఈ పేర్లను పరికింపుడు. సంజీవనివారి హాస్యపత్రిక వర్ధని. వర్ధనివారి హాస్యపత్రిక సంజీవని. ఎదుటివాని పేరులో సగమును తన హాస్యమునకు పెట్టుకొనుట కేవలము చమత్కారము కాదు. పత్రికను చదువువాడు ముందుగా అది ఎవరి పత్రికయో తెలిసికొని పిమ్మట వార్తను తెలిసికొనవలసిన స్థితి మనకు ఆనాడే ఏర్పడినదని దీనివలన విశదమగుచున్నది. పత్రికలపై శంక తెలుగు పాఠకునకు నేడు క్రొత్తగా కలిగినది కాదు.

ఇక సాక్షి విషయము. పానుగంటి వారు (1865–1940) ఈ వ్యాసములను 1913లో సువర్ణలేఖయందు ఆరంభించిరి. 1920 నుండి అవి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రికలో వెలువడి దేశమంతటను ప్రసిద్ధికెక్కినవి. ఆడిసను సంఘమునకు ప్రతిగా ఇచట సాక్షిసంఘము కలదు. సాక్షి, జంఘాలశాస్త్రి, కాలాచార్యుడు, వాణీదాసుడు, బొఱ్ఱయ్యసెట్టి అను ఐదుగురు సభ్యులు. వీరిలో ప్రధానవక్త జంఘాలశాస్త్రి. ఆంగ్లవిద్య నేర్చినవాడు మాతృభాషలో నాలుగు మాటలు పలుకజాలకపోవుటయే గొప్పగా తలచుచుండగా ఆ వెఱ్ఱిని చీల్చి చెండాడిన స్వభాష అను వ్యాసము విద్యార్థులెల్లరు ఎరిగినదే.

ఆ కాలమును ఒకసారి తలచుకొనవలెను. 1919 సంస్కారములవలన రాష్ట్రములలో ద్వంద్వప్రభుత్వము వచ్చినది. 1920లో శాసనసభలకు ఎన్నికలు జరిగినవి. అదే సమయమున సహాయనిరాకరణోద్యమము సాగినది. ఒకవైపు శాసనసభ, ఒకవైపు బహిరంగసభ, వీధివీధికి సంఘము, సంఘమునకొక అధ్యక్షుడు, అధ్యక్షునకొక పూలదండ. మాటలకు గిరాకి హెచ్చిన కాలమది. పానుగంటి వారి నేర్పు ఏమనగా, మాటల వెల్లువను మాటల వెల్లువతోడనే పట్టియిచ్చిరి. జంఘాలశాస్త్రి ఉపన్యాసము పర్యాయపదముల వరుసలతో, ఒకదానినొకటి తరుముకొని వచ్చు వాక్యములతో సాగును. శ్రోత దాని ఊపునకు లోబడుచునే, ఊపునకు లోబడుట ఎంత సులభమో గ్రహించును. ఉపన్యాసమును ఉపన్యాసముచేతనే పరిహసించుట సామాన్యమైన శిల్పము కాదు. వక్త తనను మించిన రోగిని వెదకుచు తానును ఆ రోగముననే ఉన్నాడు. ఈ రహస్యమును గ్రహింపక, సాక్షిని కేవలము నీతిబోధగా చదువువారు అందలి సగము రసమును పోగొట్టుకొనుచున్నారు.

అయితే ప్రతి త్రాసునకును ఒక ముల్లుండును. జంఘాలశాస్త్రి క్రొత్త సభను, క్రొత్త చదువును, క్రొత్త వేషమును తూచుటకు వాడిన తూనికరాళ్లు ఏవి? పాతచదువు, పాతకుటుంబము, పాతమర్యాద. ఆ రాళ్లు సరియైన తూకమునవా కావా అని తూచి చూచుట ఈ పరిహాసము తన పనిగా పెట్టుకొనలేదు. ఇది పానుగంటి వారి ఒక్కరి లోపము కాదు, స్థితిపక్షపరిహాసమునకు స్వభావసిద్ధమైన లక్షణము. నిన్నటితో నేటిని కొలుచువాడు నిన్నటిని మరల దేనితోడను కొలువడు. కొలిచినచో అతని నవ్వు సాగదు.

విశ్వనాథ సత్యనారాయణ గారి హాహాహూహూ ఈ పరిహాసమును మరియొక మెట్టు పైకి కొనిపోయినది. లండను నగరమున ట్రఫాల్గరు చతుష్పథమున అశ్వముఖుడైన గంధర్వుడొకడు వచ్చి పడును. అతనిని జంతువందమా, మనుజుడందమా అని అచటి శాస్త్రజ్ఞులు తలలు బద్దలుకొట్టుకొందురు. ఈలోగా అతనిని బోనులో ఉంచుదురు. ముందు వర్గము, పిమ్మట వస్తువు. వర్గమునకు లొంగని వస్తువు బోనునకు లొంగవలెను. ఆధునికమైన అధికారముపై తెలుగున వచ్చిన శంకలలో ఇంతకంటె లోతైనది అరుదు. ఆత్మకూరునకు తగిలిన 'ఎస్' కూడ ఆ బోనునకు దూరపు చుట్టమే. కాని ఇచట తప్పక గమనింపవలసిన విషయమొకటి కలదు. బోనులోపడినవాడు గంధర్వుడు. అతనికి ఎగిరిపోవు శక్తి కలదు. బోనులో పుట్టి బోనులో పెరిగినవానికి ఈ నవ్వు ఎట్లు వినబడును అను ప్రశ్న ఆ రచన పరిధిలోనిది కాదు.

మాకు కలిగిన ఇబ్బందిని ఇప్పుడు చెప్పవచ్చును. సాక్షి వ్యాసములను ఎం.ఏ. తరగతిలో పాఠము చెప్పుచుండగా సంఘములను, సభలను పరిహసించిన భాగమునకు తరగతియంతయు నవ్వినది. సూర్యాపేట ప్రాంతమునుండి వచ్చిన విద్యార్థి ఒకడు మాత్రము నవ్వలేదు. కారణమడుగగా, "మా తాతకు సంగం అంటే నవ్వులాట కాదండి" అని ఊరకుండెను. ఆ నాడు మేము దానికి తగిన సమాధానము చెప్పలేదు. ఈ వ్యాసము ఆలస్యముగా చెప్పు సమాధానము.

ఆ విద్యార్థి పలికినది సంఘమను మాటయే. అయితే ఆ మాటకు కృష్ణా గోదావరీ మండలములలో 1920 నాటికి గల చరిత్ర వేరు, నైజాము రాజ్యమున గల చరిత్ర వేరు. మదరాసు రాజధానిలో సభ చేయుట సులభమైనది. సులభమైనది గనుకనే చవుకబారినది. చవుకబారినది గనుకనే పరిహాసమునకు పాత్రమైనది. నైజాము రాజ్యములోనో, గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు కలదు. సభ జరుపదలచినవారు ముందుగా ప్రభుత్వానుమతి పొందవలెననునది దాని సారము. ఆంధ్రమహాసభ మొదటి సమావేశము 1930లో జోగిపేటలో జరిగినది. సురవరము ప్రతాపరెడ్డి గారు దానికి అధ్యక్షులు. తెలుగున మాటలాడు సభను తెలుగునాటనే జరుపుకొనుటకు ఎంత యత్నము కావలసివచ్చినదో ఆ సభల చరిత్ర చెప్పును. మాటలు మితిమీరినచోట మాటలను చూచి నవ్వుట వివేకము. మాటకు అనుమతి కావలసినచోట అదే నవ్వు అనుమతి ఇయ్యనివాని పక్షమున చేరును. హాస్యము మారలేదు, అది నిలిచిన నేల మారినది.

ఎనిమిదవ ఆంధ్రమహాసభ 1941లో చిలుకూరున రావి నారాయణరెడ్డి గారి అధ్యక్షతన జరిగినది. చిలుకూరు నేడు సూర్యాపేట జిల్లాలోనిది, కోదాడకు సమీపమున నున్నది. ఆ మీదట సంఘము పట్టణముల వకీళ్లను దాటి పల్లెల పాలేళ్లను చేరినది. పల్లెవాడు దానిని సంగం అని పలికెను. చాకలి, కుమ్మరి, మంగలి, మాదిగ మొదలుగా ప్రతి వృత్తివాడును గడికిని, పర్యటనకు వచ్చు అధికారికిని కూలి లేని చాకిరి చేయవలసిన వెట్టి ఆ ప్రాంతపు నిత్యానుభవము. వెట్టి చేయమని చెప్పుటకు ఒక్కనికి నోరు రాలేదు, పదిమందికి వచ్చినది. ఆ పదిమందియే సంగం. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగుటతో రగిలిన పోరాటము 1951 అక్టోబరు వరకు సాగినది. 1952 ఎన్నికలలో నల్లగొండనుండి నిలిచిన నారాయణరెడ్డి గారికి దేశమున నందరికంటె ఎక్కువ ఓట్లు వచ్చినవి. ఆ పోరాటపు మంచిచెడ్డలను నిర్ణయించుట చరిత్రకారుల పని. మాకు కావలసినది ఒక మాటయొక్క అర్థమే. సాక్షిసంఘమున ఐదుగురు కూర్చుండి లోకమును చూచి నవ్విరి. సూర్యాపేట తాలూకాలో పదిమంది కూడి నిలుచుండి, అంతవరకు తమను చూచి నవ్విన లోకమును తేరిపార చూచిరి. రెండిటికిని పేరు సంఘమే.

దీనివలన ప్రభుత్వశంక రెండు విధములని తేలుచున్నది. క్రొత్తవాడు ఇచ్చిన మాట నిలుపుకొనునా అను శంక మొదటిది. దీనిని వాగ్విషయకశంక అందము. క్రొత్తదనమే వద్దు, పాతది చాలును అను శంక రెండవది. దీనిని పరివర్తనశంక అందము. స్థితిపక్షపరిహాసమున ఈ రెండును పాలునీళ్లవలె కలసియుండును. చదువరి ఒక నవ్వు నవ్వి రెండింటిని ఒకేసారి మ్రింగును. విమర్శకుని పని వీనిని వేరుచేయుట. మొదటి శంకకు పాతవాడు, క్రొత్తవాడు అను భేదము లేదు. ఇచ్చిన మాట ఎవరిదైనను తూచును. రెండవ శంక పాతవానిని తూచకయే విడిచిపెట్టును. వెట్టి నిన్నటిదైనచోట రెండవ శంక నిలువదు. మొదటిది మాత్రము అచటను నిలుచును, మరింత అవసరమై నిలుచును.

మొదటి శంక రెండవదానితో కలియక శుద్ధముగా నిలుచుట సాధ్యమా అని అడుగవచ్చును. సాధ్యమే. సురవరము వారి మొగలాయి కథలు అందులకు సాక్ష్యము. 1926 మే 10న గోలకొండ పత్రికను స్థాపించి నడపిన ఈ మహనీయుడు (1896–1953) విప్లవవాది కాడు. పూర్వగ్రంథములందును, ఆచారములందును ఆయనకు గల గౌరవమును ఆంధ్రుల సాంఘిక చరిత్ర చదివినవారెల్లరు ఎరుగుదురు. అట్టి ఆయన గ్యారా కద్దూ, బారా కొత్వాల్ అను నానుడిని పేరుగా పెట్టి కథ చెప్పెను. కాయలు పదునొకండు, కొత్వాళ్లు పండ్రెండుగురు. లెక్క అంతే. రాజు మంచివాడా చెడ్డవాడా అను చర్చ లేదు, రాజ్యాంగమును గూర్చిన సిద్ధాంతము లేదు. తెచ్చినవాని తలపై గంప, ఎదుట చాచిన చేతులు, చేతులకంటె ఒకటి తక్కువైన గుమ్మడికాయలు. పానుగంటి వారు మాటలు పెంచి మాటల డొల్లతనమును చూపగా, ప్రతాపరెడ్డి గారు అంకెలు చెప్పి ఊరకుండిరి. ఒకచోట మాట ఎక్కువగుటయు, మరియొకచోట మాట తక్కువగుటయు కేవలము రచయితల అభిరుచి భేదమా? కాదని మా తలంపు. మాటకు అనుమతి కావలసిన రాజ్యమున హాస్యము లెక్కలలో దాగినది.

ఈ లెక్కకు ఉత్తరాంధ్రమున ఒక తోడు కలదు. గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కమున (రెండవ కూర్పు, 1909) గిరీశము బండివానికి రెండు గంటలసేపు కాంగ్రెసును గూర్చి ఉపన్యసించెనట. అంతయు విని బండివాడు తమ ఊరి హెడ్డు కానిస్టేబులును ఎప్పుడు బదిలీ చేయింతురని అడిగెనట. ఇది బండివాని అజ్ఞానమునకు ఉదాహరణముగా గిరీశము చెప్పును; నవ్వును. కాని పాఠకుడు ఎవరిని చూచి నవ్వవలెను? బండివానికి ప్రభుత్వమనగా హెడ్డు కానిస్టేబులు. దూరముననున్న పాలన అతనికి ఏ ముఖముతో దర్శనమిచ్చునో ఆ ముఖమును గూర్చియే అతడడిగెను. రెండు గంటల రాజకీయమును ఒక్క ప్రశ్నతో తూచిన ఆ బండివాడే మా దృష్టిలో వాగ్విషయకశంకకు ఆదర్శము. అతనికి పాతదానిపై మోజు లేదు. హెడ్డు కానిస్టేబులు పాతవాడే కదా! క్రొత్తదానిపై గుడ్డినమ్మకమును లేదు. ప్రశ్న మాత్రము కలదు.

ఇచట ఒక పూర్వపక్షమును పరిశీలింపవలెను. సూర్యాపేట అనుభవమును అడ్డుపెట్టి స్థితిపక్షపు శంకను తక్కువచేయుట న్యాయమా? గడి పోయినది, నైజాము పోయినది. పిమ్మట వచ్చినవారిని శంకింపవలదా? ఈ ఆక్షేపణలో బలము కలదు. భూమి లెక్కల చరిత్రయే ఇందులకు తార్కాణము. వంశపారంపర్యపు గ్రామాధికారుల పద్ధతి 1984లో రద్దయినది. పటేలు, పట్వారీ పోయిరి. కాలక్రమమున గ్రామ రెవెన్యూ అధికారి వచ్చెను. 2020 సెప్టెంబరులో ఆ పదవియు రద్దయినది. అదే సంవత్సరము అక్టోబరు 29న ధరణి వచ్చినది. ఇక రైతునకు కార్యాలయములచుట్టు తిరుగుట తప్పునని చెప్పిరి. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానమున భూభారతి వచ్చినది. ఇక ధరణివలన కలిగిన చిక్కులు తీరునని చెప్పిరి. అదే ఏడు గ్రామపాలనాధికారులు నియుక్తులైరి. నలువది యేండ్లలో గ్రామపు లెక్కలవాడు రెండుమారులు పోయి రెండుమారులు వచ్చెను. ప్రతిమారును పోవుటయు సంస్కారమే, వచ్చుటయు సంస్కారమే. రెడ్డి వచ్చె మొదలాడు అను సామెతకు ఇంతకంటె చక్కని వ్యాఖ్యానము దొరకదు.

ఇట్టిచోట స్థితిపక్షపరిహాసమునకు పూర్ణాధికారము కలదని మేము అంగీకరింతుము. కాని ఈ నవ్వు ఎటు పోవునో చూడవలెను. ఇన్ని మార్పులకంటె పాత పట్వారీయే మేలు అని ముగిసినచో అది పరివర్తనశంక. పట్వారీ సంచిలో పహాణీ ఎట్లుండెనో, దానిని చూపుమని అడుగుటకు ఎవనికి ధైర్యముండెనో ఆ నవ్వు మరచినది. పేరు మారినంత మాత్రమున పహాణీలో నా పేరు చేరినదా అని అడిగినచో అది వాగ్విషయకశంక. దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడను సామెత ఈ రెండవ త్రోవది. పాత పూజారి మంచివాడని అది చెప్పదు. పూజారి ఎవరైనను వరము చేతికి వచ్చువరకు నమ్మవలదని చెప్పును. పల్లెల సామెతలలోని ప్రభుత్వశంక చాలవరకు ఈ తీరుననే నడచునని మా అభిప్రాయము. గ్రంథస్థమైన స్థితిపక్షపరిహాసమున కలసియున్న పాలునీళ్లను సామెత ఏనాడో విడదీసినది.

పత్రికలను గూర్చి, వాని నేటి తోబుట్టువైన దూరదర్శనవార్తలను గూర్చి కూడ ఒక మాట చెప్పవలసియున్నది. సాయంకాలము ఏ వార్తాప్రసారమును చూచినను నలుగురు జంఘాలశాస్త్రులు ఒకేసారి ఉపన్యసించుచుందురు. వర్ధని వారొకవైపు, సంజీవని వారొకవైపు. దీనిని చూచి నవ్వుట తేలిక. నవ్వి కట్టివేయుటయు తేలిక. అయితే అంతయు అబద్ధమే అని పెదవి విరుచుట శంక కాదు, శంక మానివేయుట. శంకించువాడు తూచును, అన్నిటిని ఒకేమారు పారవేయువాడు తూచు శ్రమనుండి తప్పించుకొనును. అట్టివాడు అబద్ధమునకు ఎంత దూరమో నిజమునకును అంతే దూరము. సాక్షి అను పేరును పానుగంటి వారు ఊరక పెట్టలేదు. సాక్షికి చూచుట విధి. కన్నులు మూసికొని ఇరుపక్షములును దొంగలే అని చెప్పువానిని ఏ న్యాయస్థానమును సాక్షిగా అంగీకరింపదు. స్థితిపక్షపరిహాసము దిగజారినచో చేరు స్థానమిదియే. నేడు చమత్కారముగా చెలామణియగు రాజకీయవ్యాఖ్యలో ఎక్కువపాలు ఈ స్థానమునకు చేరినదని మా భయము.

కావున మా నిర్ణయమును ఇట్లు సంగ్రహింపవచ్చును. పానుగంటి వారి పరిహాసము మన వచనమునకు లభించిన గొప్ప ఆస్తి. దానిని పాఠ్యములనుండి తొలగింపవలెననుట అవివేకము. అయితే దానిని ఒంటిగా చెప్పరాదు. సాక్షి వ్యాసముల పక్కన మొగలాయి కథలను ఉంచి చదివించినచో, ఒకే భాషలో ఒకే కాలమున రెండు రాజ్యములక్రింద హాస్యము రెండు విధములుగా ఎట్లు మాటలాడినదో విద్యార్థికి తెలియును. ప్రతి పరిహాసమునకును రెండు ప్రశ్నలు వేయుట అలవాటు చేయవలెను. ఈ నవ్వు ఎవని మాటను తూచుచున్నది? ఈ నవ్వునకు ఎవడు నోరు మూసికొనవలసివచ్చును? మొదటి ప్రశ్నకు అధికారియు, రెండవ ప్రశ్నకు బలహీనుడును సమాధానములైనచో ఆ హాస్యము ఎంత చక్కగా వ్రాయబడినను దానిపై మనము శంక వహింపవలెను. రెండవ ప్రశ్నకు ఎవడును సమాధానముగా రానిచో అది బండివాని నవ్వు. దానిని నిశ్చింతగా నవ్వవచ్చును.

ఆయుధము పక్షము మారినను పదును చెడదని పైన చెప్పితిమి. స్విఫ్టు త్రాసును వీరేశలింగము గారు వాడుకొన్నట్లే, సాక్షి త్రాసును సూర్యాపేట బిడ్డలు వాడుకొనవచ్చును. రాళ్లను మాత్రము తాము తెచ్చుకొనవలెను. ఆ రాళ్లు ఇంకను పల్లెలలోనే ఉన్నవి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో పటేలును, పట్వారీని, అమీనును, సంగమును, నేటి మండలకార్యాలయమును గూర్చి పుట్టిన సామెతలు, ఎకసక్కెములు, మారుపేర్లు ఎన్నియో వృద్ధుల నోళ్లలో కలవు. వానిని విషయానుక్రమముగా సేకరించి, ఏది ఏ శంకకు చెందినదో విభజించి చూపు పని ఇంకను జరుగవలసియున్నది. ఆ పనికి ఆ ప్రాంతపు పరిశోధక విద్యార్థులు పూనుకొందురని ఆశించుచున్నాము. తరగతిలో ఆ నాడు నవ్వని విద్యార్థి వారిలో ఒకడైనచో, మేము ఆలస్యముగా చెప్పిన ఈ సమాధానమును అతడు తన త్రాసున వేసి చూచును. తూకము తక్కువైనచో చెప్పవలెనని అతనిని కోరుచున్నాము.